బోరు చేయించిన ఇంజిన్ కొడుతోందా? విప్పే ముందు ఒక్కసారి వినండి!

లారీ ఓనర్లు రెండు మాటలకు బాగా భయపడతారు. ఒకటి, ‘ఇంజిన్ బోరుకొచ్చింది’. రెండోది, బోరు పని పూర్తయ్యి, బిల్లు మొత్తం కట్టేశాక చెవిన పడే మాట: ‘ఇంజిన్ కొడుతోంది’.

మొదటిదానికి మందు ఉంది. డబ్బు ఖర్చవుతుంది, బండి పది పదిహేను రోజులు షెడ్డులో ఉంటుంది, అంతే. రెండోదానికి మందు కంటే ముందు రోగం తెలియాలి. రోగం తెలియకుండా ఇంజిన్‌ని మళ్లీ విప్పితే కొత్తగా వేసిన గాస్కెట్లు పోతాయి, లేబర్ మళ్లీ ఇవ్వాలి, పైగా బండి తిరగకపోయినా ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఆగదు.

మా బాబాయికి ఒక టెన్ టైర్ లారీ ఉంది. తాడేపల్లిగూడెం వైపు నుంచి బియ్యం లోడు ఎత్తుతుంది. మొన్నామధ్య దాని ఇంజిన్ బోరు చేయించారు. పని అయ్యాక స్టార్ట్ చేస్తే టక్ టక్ టక్ అని ఒకటే చప్పుడు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. బాబాయి ఆ వీడియో ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, “ఇంజినీరింగ్ చదివావు కదరా, ఇదేంటో చెప్పు” అన్నాడు. శనివారం బస్సెక్కి విజయవాడ వెళ్లాను. ఆ రెండ్రోజుల్లో ఆటోనగర్‌లో నేను చూసిందే ఈ కథనం. సొంత బండి ఉన్నవాళ్లకీ, ఇంట్లో ఎవరికైనా లారీ ఉన్నవాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నాను.

అసలు బోరు అంటే ఏం మారుస్తారు?

విజయవాడ ఆటోనగర్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 1960లలో రూపుదిద్దుకున్న ఈ పేటలో లారీకి సంబంధించి దొరకని పని లేదు. ఇంజిన్ విప్పేది ఒక షెడ్డు, క్రాంక్ గ్రైండింగ్ ఒక చోట, బోరింగ్ ఇంకో చోట, స్పేర్లు మరో వీధిలో.

మా బండిది 5.9 లీటర్ల, ఆరు సిలిండర్ల టర్బో డీజిల్ ఇంజిన్. పాత తరహా మెకానికల్ పంపు. పిస్టన్లు పైకీ కిందికీ ఆడీ ఆడీ సిలిండర్ గోడలు అరిగిపోతాయి. అప్పుడు ఆ గోడలను కొంచెం పెద్దగా కోసి, ఓవర్‌సైజ్ పిస్టన్లు, కొత్త రింగులు వేస్తారు. లైనర్లు ఉన్న ఇంజిన్లయితే లైనర్లే మారుస్తారు. క్రాంక్ షాఫ్ట్‌ని గ్రైండింగ్ చేయించి దానికి తగ్గ సైజు బేరింగులు వేస్తారు. హెడ్ ఫేసింగ్, వాల్వుల పని, ఆయిల్ పంపు చెకింగ్ కూడా అందులోనే.

ఇక్కడ ప్రతి కొలతా చాలా చిన్నది. క్రాంక్‌కీ బేరింగుకీ మధ్య ఉండాల్సిన ఖాళీ తల వెంట్రుక మందం ఉంటుంది. ఆ సందులో నూనె పొర ఉంటుంది. ఖాళీ ఎక్కువైతే నూనె పొర నిలవదు, ఇనుము ఇనుముని కొడుతుంది. అందుకే బోరు చేశాక చప్పుడు వస్తే అందరి అనుమానమూ ముందు బేరింగుల మీదికే పోతుంది.

మా విషయంలోనూ అదే జరిగింది. మేస్త్రి గారేమో గ్రైండింగ్‌లో తేడా వచ్చిందన్నారు. గ్రైండింగ్ చేసినాయన బేరింగుల క్వాలిటీ బాలేదన్నాడు. స్పేర్ల షాపతను బిగింపు సరిగ్గా లేదన్నాడు. ముగ్గురూ కలిసి ఒప్పుకున్నది ఒక్కటే: ఇంజిన్ దించి క్రాంక్ చూడాల్సిందే. దానికి లేబర్ ఎవరు పెట్టుకోవాలన్నదే తేలలేదు. బాబాయి కిస్తీ తేదీకి అప్పటికి ఎనిమిది రోజులే ఉంది.

డీజిల్ ఎప్పుడూ చప్పుడు చేస్తూనే ఉంటుంది

ముందు ఒక చిన్న విషయం. పెట్రోల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ నిప్పు రవ్వ ఇస్తుంది. డీజిల్‌లో ప్లగ్ ఉండదు. గాలిని పదిహేడు పద్దెనిమిదో వంతుకు కుదించేస్తారు. ఆ ఒత్తిడికి గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులోకి నాజిల్ డీజిల్ చిమ్మితే అదే అంటుకుంటుంది. ఒక్కసారిగా అంటుకోవడం వల్ల వచ్చేదే మనకు తెలిసిన డీజిల్ చప్పుడు. అది మామూలే.

కాబట్టి ‘చప్పుడు వస్తోంది’ అంటే సరిపోదు. ఎలాంటి చప్పుడు, ఏ స్పీడులో, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, లోడు మీదా ఖాళీగానా అన్నది చూడాలి. స్థూలంగా ఇలా ఉంటుంది.

- సన్నగా టిక్ టిక్‌మని పైనుంచి వస్తే ట్యాపెట్లు. మా ఇంజిన్ తరహాకు చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.25 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ 0.50 మిల్లీమీటర్లు గ్యాప్ ఉండాలి.
- ఒక్క సిలిండర్ దగ్గరే పదునుగా కొడితే నాజిల్ కావొచ్చు.
- లోడు పడేకొద్దీ పెరుగుతూ బరువుగా కొడితే కనెక్టింగ్ రాడ్ బేరింగు. ఇంకా లోతుగా, కింద నుంచి వస్తూ ఆయిల్ ప్రెషర్ కూడా పడిపోతుంటే మెయిన్ బేరింగు.
- చల్లగా ఉన్నప్పుడు కొట్టి, వేడెక్కాక తగ్గితే పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య ఖాళీ ఎక్కువైందని అనుమానించాలి.
- క్లచ్ తొక్కితే చప్పుడు మారితే ఇంజిన్‌ని వదిలి క్లచ్, ఫ్లైవీల్ వైపు చూడాలి.

ఇవన్నీ ఆధారాలే తప్ప తీర్పులు కావు. ఇంజిన్ బ్లాకు మొత్తం ఒకే ఇనుప ముద్ద. ఒక మూల కొట్టిన చప్పుడు ఇంకో మూల వినిపిస్తుంది.

విప్పకుండా చేసిన పరీక్షలు

నేను వెళ్లేసరికే మేస్త్రి గారు కొన్ని చూసి ఉన్నారు. ముప్ఫై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న మనిషి. నేనేదో ఆయనకు నేర్పడానికి వెళ్లలేదు. “అన్నీ మళ్లీ ఒకసారి వరసగా చేద్దామా మేస్త్రి గారూ? నేను రాసుకుంటా” అన్నాను. నవ్వి సరే అన్నారు.

మొదట ఆయిల్ ప్రెషర్. గేజ్ బిగించి ఇంజిన్ బాగా వేడెక్కాక చూశాం. ఈ తరహా ఇంజిన్‌కు వేడి మీద ఐడిల్‌లో కనీసం 0.7 బార్, స్పీడు మీద 2 బార్ ఉండాలి. మా గేజ్ రెండు చోట్లా దానికి చాలా పైనే చూపించింది. బేరింగులు బాగా వదులైతే ప్రెషర్ ఇలా నిలబడటం కష్టం. దీంతో బేరింగుల మీద అనుమానం పూర్తిగా పోలేదు కానీ కొంచెం తగ్గింది.

రెండోది నాజిల్ పైపు పరీక్ష. ఐడిల్‌లో ఒక్కో నాజిల్‌కి వెళ్లే పైపు నట్టు కొంచెం వదులు చేస్తే ఆ సిలిండర్‌కి డీజిల్ అందదు. అక్కడ మంట ఉండదు కాబట్టి ఆ రాడ్ మీద, ఆ బేరింగు మీద దెబ్బ పడదు. ఏ సిలిండర్ ఆపినప్పుడు చప్పుడు తగ్గిందో తప్పు అక్కడుంది. తర్వాత ఆ నాజిల్‌ని పక్క సిలిండర్‌కి మార్చాలి. చప్పుడు కూడా దాంతోపాటు మారితే నాజిల్ తప్పు, మారకపోతే లోపలి తప్పు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇది పాత మెకానికల్ పంపు ఉన్న ఇంజిన్లకు మాత్రమే, అదీ కళ్లద్దాలు పెట్టుకుని, పైన గుడ్డ కప్పి, అనుభవం ఉన్న మనిషి చేయాల్సిన పని. కొత్త కామన్ రైల్ బండ్లలో పైపుల్లో ఒత్తిడి 1,600 బార్ కూడా దాటుతుంది. ఇంజిన్ నడుస్తుండగా అక్కడ నట్టు తిప్పితే డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. వాటికి స్కానర్ పెట్టి సిలిండర్ కటాఫ్ టెస్ట్ చేయించాలి.

ఒకటి నుంచి ఆరు వరకు అన్నీ ఆపి చూశాం. చప్పుడులో ఇసుమంత తేడా లేదు. ఇది చాలా పెద్ద ఆధారం. మంటతో సంబంధం లేకుండా ఏదో కొడుతోంది. ఒకటో సిలిండర్ రాడ్ బేరింగు అన్న అనుమానం అక్కడితో బలహీనపడింది. కానీ మెయిన్ బేరింగు, పిస్టన్ హెడ్‌కి తగలడం లాంటివి ఇంకా జాబితాలో ఉన్నాయి.

మూడోది బెల్టు తీసేసి చూడటం. ఆల్టర్నేటర్, వాటర్ పంపు బేరింగుల మీద అనుమానం తీరడానికి. వాటర్ పంపు తిరగదు కాబట్టి నిమిషం లోపే ఆపేశాం. చప్పుడు అలాగే ఉంది.

నాలుగోది పొడుగు స్క్రూడ్రైవర్. మొన ఇంజిన్‌కి ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకుని వినడం. మేస్త్రి గారు అక్కడక్కడా ఆనించి, ముందు భాగంలో, టైమింగ్ గేర్ల దగ్గర గట్టిగా ఉందన్నారు. ఒకటో సిలిండర్ కూడా అటువైపే కాబట్టి మొదట్లో అందరూ దాన్ని అనుమానించారు.

డ్రైవర్ని ఎవరూ అడగలేదు

మా ఆఫీసులో ఏదైనా సాఫ్ట్‌వేర్ ఆగిపోతే మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ‘ఏం చేస్తే వస్తోంది? ఏం చేస్తే పోతోంది?’ దాన్ని వాడేవాళ్లనే అడుగుతాం. ఇక్కడ బండిని వాడేది డ్రైవరు. ఆయన రెండ్రోజులుగా షెడ్డు బయట బల్ల మీద కూర్చుని టీలు తాగుతున్నాడు. ఇరవై ఏళ్లకు పైగా లారీ తోలుతున్న మనిషి. ట్రయల్‌కి తీసుకెళ్లింది కూడా ఆయనే.

“అన్నా, ట్రయల్‌లో ఎక్కడెక్కడ కొట్టింది?” అని అడిగాను.

“ఆటోనగర్ గేటు నుంచి రామవరప్పాడు రింగు దాకా కొడుతూనే ఉంది బాబూ. ట్రాఫిక్ కదా. గన్నవరం రోడ్డెక్కాక ఆగిపోయింది. మళ్లీ వెనక్కి వచ్చేటప్పుడు రింగు దగ్గర మొదలెట్టింది.”

“హైవే మీద గాలి హోరులో వినపడలేదేమో?” అన్నాడు బాబాయి.

“నాకు వినపడకపోవడమేంటి ఓనరు గారూ! కొట్టలేదు. బ్రేకులు కొట్టుకుంటూ పోతే కొడుతోంది. వదిలేసి పోతే కొట్టట్లేదు. మొన్నే చెబుదామనుకున్నా. మీరంతా క్రాంకు గొడవలో ఉన్నారు.”

మేస్త్రి గారు చేతిలో స్పానర్ కింద పెట్టేశారు. ఆయన మొహం చూస్తేనే అర్థమైంది, ఆయనకి తట్టేసిందని.

బేరింగు పోతే హైవే మీద, స్పీడులో, లోడు పడినప్పుడు ఎక్కువ కొట్టాలి. ఇది సరిగ్గా తిరగేసి ఉంది. బ్రేకు తొక్కితే ఖర్చయ్యేది గాలి. గాలిని నింపేది ఎయిర్ కంప్రెసర్. ఆ కంప్రెసర్ ఉండేది ఇంజిన్ ముందు భాగంలో, టైమింగ్ గేర్ల దగ్గరే!

కంప్రెసర్ లోపల ఇంకో చిన్న ఇంజిన్

లారీ బ్రేకులు గాలితో పనిచేస్తాయి. ఆ గాలిని కుదించి ట్యాంకుల్లో నింపడానికి ఇంజిన్‌కే ఒక కంప్రెసర్ బిగించి ఉంటుంది. దానికీ ఒక క్రాంకు, రాడ్, పిస్టన్, బేరింగులు ఉంటాయి. ఇంజిన్ గేరుతోనే తిరుగుతుంది. అందుకే యాక్సిలరేటర్ తొక్కితే దాని చప్పుడూ ఇంజిన్ చప్పుడులాగే వేగం పెరుగుతుంది. బయటి నుంచి వినేవాళ్లకి ఇంజినే కొడుతున్నట్టు ఉంటుంది.

ట్యాంకుల్లో గాలి దాదాపు 8 బార్‌కి చేరగానే వాల్వు తెరుచుకుని ‘ఫుస్స్’మని గాలి బయటికి వదులుతుంది. సిగ్నల్ దగ్గర లారీ పక్కన బైక్ మీద ఆగినవాళ్లకి ఆ శబ్దం బాగా తెలుసు. అప్పట్నుంచి కంప్రెసర్ తిరుగుతూనే ఉంటుంది కానీ దాని మీద భారం ఉండదు. బ్రేకులు వాడి గాలి తగ్గితే మళ్లీ భారం పడుతుంది.

కంప్రెసర్ బేరింగు అరిగి ఉంటే, భారం ఉన్నంతసేపూ కొడుతుంది. భారం తీసేస్తే ఊరుకుంటుంది. ఇదే నిజమైతే చప్పుడు ఎయిర్ గేజ్ ముల్లుతోపాటు నడవాలి. దీన్ని చూడటానికి ఏమీ విప్పక్కర్లేదు.

రెండు ఫోన్లు, ఒక చప్పట్ల శబ్దం

చక్రాలకు అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ట్యాంకుల్లో గాలి కొంత వదిలేశాం. ఒక ఫోన్ డాష్‌బోర్డు మీద ఎయిర్ గేజ్‌ని చూస్తూ, ఇంకో ఫోన్ ఇంజిన్ పక్కన. రెండూ రికార్డింగ్‌లో ఉండగా గట్టిగా ఒక చప్పట్లు కొట్టాను, తర్వాత రెండు వీడియోలనూ కలపడానికి గుర్తుగా. డ్రైవరన్న ఇంజిన్‌ని వెయ్యి ఆర్‌పీఎం దగ్గర నిలిపి ఉంచాడు.

మొదట్లో చప్పుడు చిన్నగా ఉంది. ముల్లు 5 బార్ దాటాక పెరిగింది. 7 దగ్గర బాగా గట్టిపడింది. 8 దగ్గర ‘ఫుస్స్’. మరుక్షణం చప్పుడు మాయం! షెడ్డులో ఉన్నవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

డ్రైవరన్న బ్రేకు అయిదారుసార్లు తొక్కాడు. ముల్లు కిందికి వచ్చింది. టక్ టక్ టక్ మళ్లీ మొదలు. ఇలా మూడుసార్లు చేశాం. మూడుసార్లూ ఒకటే ఫలితం.

రాత్రి లాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ ఆడియో తెరిచి చూశాను. మొదటి రికార్డింగ్‌లో 2 నిమిషాల 40 సెకన్ల వరకు చువ్వల్లా నిలబడిన గీతలు. తర్వాత గాలి వదిలిన ఒక మందపాటి పట్టీ. ఆ తర్వాత మామూలు ఇంజిన్ శబ్దం. స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టాను. పొద్దున్నే మేస్త్రి గారు దాన్ని గ్రైండింగ్ ఆయనకీ, స్పేర్ల షాపు ఆయనకీ చూపించారు. ముగ్గురి మధ్యా గొడవ అక్కడితో ముగిసింది.

ఆఖరి నిర్ధారణ కూడా చేశాం. ఇంజిన్ ఆపి, ట్యాంకుల గాలి పూర్తిగా తీసేసి, కంప్రెసర్ నుంచి ట్యాంకుకి వెళ్లే పైపు విప్పి, కొన్ని సెకన్లు స్టార్ట్ చేశాం. ఎదురు ఒత్తిడి లేదు కాబట్టి చప్పుడు దాదాపు లేదు. ఆ తర్వాతే కంప్రెసర్ దించారు. రాడ్ పట్టుకుని కదిపితే చేతికే తెలిసేంత లూజు.

మరి ఇది బోరు అయ్యాకే ఎందుకు వచ్చింది?

నిజానికి ముందు నుంచే ఉండి ఉంటుంది. అరిగిపోయిన పాత ఇంజిన్ రొదలో కలిసిపోయింది. కొత్త పిస్టన్లు, కొత్త బేరింగులు పడ్డాక ఇంజిన్ నెమ్మదించింది, కంప్రెసర్ ఒక్కటే బయటపడింది.

ఇంకో సంగతి. ఈ కంప్రెసర్‌కి వేరే నూనె ఉండదు. ఇంజిన్ ఆయిలే దానికీ వెళ్లి మళ్లీ ఛాంబర్‌లోకి దిగుతుంది. అంటే పాత ఇంజిన్ బేరింగులు అరిగి రాలిన లోహపు పొడి దీనిలోకీ వెళ్తుంది. ఇప్పుడు దీనిలో రాలే పొడి కొత్త ఇంజిన్‌లోకి వస్తుంది. అందుకే ‘ఇంజిన్ కాదులే’ అని వదిలేయకూడదు. పైగా కంప్రెసర్ దారిలో ఆగిపోతే గాలి ఉండదు, బ్రేకులు ఉండవు. లోడు బండికి అంతకంటే ప్రమాదం లేదు.

బాబాయి బిల్లు మళ్లీ చూశాడు. పిస్టన్లు, రింగులు, బేరింగులు, వాల్వులు, గాస్కెట్లు అన్నీ ఉన్నాయి. కంప్రెసర్ పేరు లేదు. బయట కడిగి, రంగేసి, యథాతథంగా బిగించారు. ఎస్టిమేట్‌లో లేని పని ఎవరూ చేయరు. తప్పు అనలేం, కానీ అడగాల్సిన పని.

కంప్రెసర్‌కి కొత్త బేరింగులు, పిస్టన్ కిట్ వేయించడానికి ఒక్కరోజు పట్టింది. ఆయిల్ ఫిల్టర్ కోసి చూశారు, పెద్ద రజను లేదు. అయినా ఆయిల్, ఫిల్టర్ మార్చారు. కిస్తీ తేదీకి నాలుగు రోజుల ముందే బండి లోడెక్కింది.

మీ బండికి ఇలా వస్తే

1. మొదటి గంటలోనే వీడియో తీయండి. గేజ్‌లు కనిపించేలా ఒకటి, ఇంజిన్ దగ్గర ఒకటి.
2. ఆయిల్ ప్రెషర్ పడిపోతుంటే పరీక్షలు పెట్టొద్దు. వెంటనే ఇంజిన్ ఆపేయండి.
3. చప్పుడు ఎప్పుడొస్తోందో ఎంత ముఖ్యమో, ఎప్పుడు ఆగుతోందో అంత ముఖ్యం. రెండూ కాగితం మీద రాయండి.
4. ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు పనులు కలిపి చేస్తే దేనివల్ల తగ్గిందో తేలదు.
5. ఖర్చు లేని పరీక్షలు ముందు, ఇంజిన్ దించడం ఆఖరున.
6. బోరు పనికి ఎస్టిమేట్ రాయించేటప్పుడే కంప్రెసర్, ఆయిల్ కూలర్, టర్బో, పంపు, నాజిళ్ల సంగతి ఏంటో అడగండి. మార్చకపోయినా విప్పి చూడమనండి.

ఏడోది కూడా ఉంది, దానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు. బండి గురించి మాట్లాడుకునేటప్పుడు డ్రైవర్ని కూడా పిలిచి కూర్చోబెట్టండి. రోజుకు పన్నెండు గంటలు ఆ ఇంజిన్ పక్కన కూర్చునేది ఆయనే. ఇప్పుడు మా బాబాయి బండి షెడ్డుకి వెళ్లిందంటే, మేస్త్రి గారు బానెట్ ఎత్తకముందు డ్రైవరన్న చేతికి టీ ఇచ్చి, “చెప్పు, ఎక్కడ మొదలైంది?” అంటున్నారట.